నల్లబడిన తెర మీద ఉత్తరం

"గురువారం మీరు ఇంటికి ఎన్నింటికి వచ్చారమ్మా?"

విమలమ్మ తల దించుకుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులవైపు చూసుకుంది.

"ఆరున్నరకి. సంగంలో ఆడోళ్ళ పార్దన అయ్యాక ఒచ్చినాను. అప్పటికే ఈదంతా మూగీసినారు. నా కొడుకు మీద దుప్పటి కప్పీసినారు."

"ప్రార్థన అయ్యేసరికే ఆరు దాటిందా?"

"అంతే ఉంటాదమ్మా. గడియారం ఎవులు సూసినారు?"

హేమశ్రీ చేతిలోని చిన్న పుస్తకంలో ఆరున్నర అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పొద్దున్నే పాస్టరుగారి భార్యకు ఫోన్ చేసి అడిగింది. వాన మబ్బు పట్టిందని ఆ రోజు ప్రార్థన అయిదున్నరకే ముగించారు. చర్చి నుంచి ఈ ఇంటికి పన్నెండు నిమిషాల నడక. మధ్యలో నలభై ఎనిమిది నిమిషాలు ఎక్కడికో పోయాయి.

ఆ మాట ఇప్పుడే అడగబుద్ధి కాలేదు. కొడుకు పోయి నాలుగు రోజులు. ఆ తల్లి అబద్ధం ఆడుతోందంటే దాని వెనక చావుకంటే పెద్ద భయం ఏదో ఉండాలి.

పోయినవాడి పేరు జాక్సన్. ముప్పై నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో సేఫ్టీ ఆఫీసరు. మూడు వారాల కిందట ఆ మిల్లులో క్రేన్ రోప్ తెగి గంగరాజు అనే కార్మికుడు చనిపోయాడు. అప్పట్నుంచి జాక్సన్‌ని డ్యూటీకి రావద్దన్నారు. గురువారం సాయంత్రం పెందుర్తిలోని సొంతింటి డాబా మీద నుంచి పడి ప్రాణం వదిలాడు. అతని కంప్యూటర్‌లో ఒక ఉత్తరం దొరికింది. "గంగరాజు చావుకు కారణం నా నిర్లక్ష్యమే. ఈ భారం మోయలేను" అని మొదలవుతుంది. ఫైలు మీద గురువారం సాయంత్రం 5:34 అని ఉంది. పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు.

అది నమ్మనిది జాక్సన్ భార్య ఫెబా ఒక్కతే. ఆసుపత్రిలో నర్సు. శనివారం సమాధుల తోట నుంచి తిన్నగా హేమశ్రీ ఆఫీసుకి వచ్చి, "ఆయన రాసింది కాదు మేడమ్. ఎలాగో తెల్దు గానీ, ఆయన రాసింది కాదు" అంది. పదకొండేళ్ళు సైబర్ క్రైమ్‌లో ఎస్సైగా చేసి, ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న హేమశ్రీకి అలాంటి మాటలు కొత్త కాదు. పోయినవాళ్ళ ఆడవాళ్ళందరూ అదే అంటారు. కానీ ఫెబా ఏడవకుండా అంది. అందుకే ఒప్పుకుంది.

ఇప్పుడు సోమవారం, ఉదయం పదిన్నర.

"ఆయనతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావు ఫెబా?"

"ఆ రోజు ఒంటిగంటా పావుకి. అన్నం తిన్నావా అన్నాడు. తెర ఇంకా రాలేదు, ఆదివారంలోపు తెప్పించేస్తానన్నాడు."

"ఏ తెర?"

"కంప్యూటర్‌ది మేడమ్. మంగళవారం నుంచీ దాంతోనే కుస్తీ. అన్నీ తిరుగుతన్నాయి గానీ బొమ్మ రావట్లేదని."

హేమశ్రీ పెన్ను ఆగిపోయింది.

"మంగళవారం నుంచీ బొమ్మ లేదా? పోలీసులకి చెప్పావా?"

"ఆళ్ళు అడగలేదు. డిస్కు ఊడదీసి ఆళ్ళ లాప్‌టాప్‌కి తగిలించి చూసుకున్నారు. మళ్ళీ తెచ్చి పెట్టేశారు."

"సరే, గురువారం నువ్వు ఇంటికి వచ్చాక ఏం చూశావు? ఎంత చిన్నదైనా చెప్పు."

"స్టవ్ మీద టీ గిన్నె మాడిపోయింది. అడుగంతా నల్లగా అంటుకుపోయింది. గ్యాస్ మాత్రం ఎవరో కట్టేశారు."

"అత్తగారా?"

"నాను కాదు," అంది విమలమ్మ గబుక్కున. ఆ తొందర హేమశ్రీ చెవిన పడింది. చావబోయేవాడు టీ పెట్టుకోడు. పెట్టుకున్నా, డాబా మీద నుంచి దిగివచ్చి స్టవ్ కట్టడు.

"గది చూపించు."

వెనక గది. ఒక బల్ల, ఒక కుర్చీ. తొమ్మిదేళ్ళ కిందట జాక్సన్ విడిభాగాలు కొని తనే బిగించుకున్న కంప్యూటర్. దాని పక్కరేకు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. లోపల తెరకు బొమ్మనిచ్చే గ్రాఫిక్స్ కార్డు శుభ్రంగా మెరుస్తోంది. కింద పాత పెయింటు బ్రష్, దానికి అంటిన దుమ్ము. ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, ఏ జబ్బు చేసినా తనే వైద్యం చేసుకునేవాడట.

కీబోర్డు కింద ఒక బడి నోటుపుస్తకం. పోలీసులు దాన్ని ముట్టినట్టు లేదు. హేమశ్రీ చేతి తొడుగులు వేసుకుని తెరిచింది. గుండ్రటి తెలుగు చేతిరాత.

"సోమ: రాత్రి అప్‌డేట్ దానంతట అదే అయిపోయింది. మంగళ: తెర నలుపు. ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డు దీపం వెలుగుతోంది. ప్రాణం ఉంది, చూపు పోయింది. అక్షరాల తెర మాత్రం వస్తోంది. బుధ: కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ తీసి మళ్ళీ వేశాను. లాభం లేదు. గురు: కార్డు ఊడదీసి దుమ్ము దులిపాను. అదే నలుపు. అంటే జబ్బు కార్డుది కాదు. అప్‌డేట్‌లో వచ్చిన కొత్త కెర్నెల్ ప్రోగ్రామ్‌కీ డ్రైవర్‌కీ పొత్తు కుదరట్లేదు. టీ తాగి వచ్చి పాత కెర్నెల్‌తో ఎక్కించి చూడాలి."

అక్కడితో ఆగిపోయింది. కింద అరపేజీ ఖాళీ.

ఫెబా భుజం మీదుగా చదివింది. "టీ తాగి వచ్చి" అన్న చోట వేలు పెట్టబోయి, ముట్టకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది. శనివారం నుంచీ దాచుకున్నదంతా నిలబడే ఏడ్చింది. హేమశ్రీ ఓదార్చలేదు. కుర్చీ మాత్రం ఆమె వెనక్కి జరిపింది.

"ఆ తెర దేనికంత అవసరం ఆయనకి?" ఆమె కూర్చున్నాక అడిగింది.

"క్రేన్ దగ్గర కెమెరా వీడియో కాపీ తెచ్చుకున్నాడు. రోప్ పాడైందని తెలిసీ పని చేయించినోళ్ళు అందులో కనిపిస్తారంట. ఒకసారి కళ్ళారా చూసి, సోమవారం... అంటే ఇయ్యాల... ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరాఫీసులో ఇస్తానన్నాడు."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఇంట్లోవాళ్ళకి. నాకు, అత్తమ్మకి, ఎడ్వర్డ్‌కి."

ఎడ్వర్డ్ అంటే జాక్సన్ తమ్ముడు. అదే మిల్లులో షిఫ్ట్ సూపర్‌వైజరు.

బయట కారు తలుపు పడింది. అడుగుల చప్పుడు వినగానే హేమశ్రీకి ఆ నడక ఎవరిదో తెలిసిపోయింది. ఆమె మొదటి పోస్టింగులో ఆ నడకకు రోజూ లేచి సెల్యూట్ కొట్టేది. రిటైరైన డీఎస్పీ దేవీప్రసాద్. ఇప్పుడు మిల్లులో విజిలెన్స్ అధికారి.

"హేమా! నువ్వా?" గుమ్మంలో నిలబడి నవ్వాడు. "కేసు ఎలా కట్టాలో నేర్పిందే నేను. నా దారిలోకే వచ్చావా?"

"మీరు నేర్పిందే చేస్తున్నాను సార్. ముందు టైములు రాసుకోమనేవారు."

"మంచిది. రాసుకో." జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ పెట్టెలో మిల్లు ఫైళ్ళున్నాయి. కంప్యూటర్ పట్టుకెళ్తున్నాను."

హేమశ్రీ కాగితం చదివి మడత పెట్టి తిరిగి ఇచ్చింది. "ఇది మిల్లు లెటర్‌హెడ్ సార్. కోర్టు ఆర్డరు కాదు."

"పెద్దమనిషి తరహాలో అడుగుతున్నాను."

"అయితే నేనూ అలాగే ఒకటి అడుగుతాను. ఉత్తరం మొదట చూసింది మీరేనట కదా?"

"నేనే. విషయం తెలిసి ఆరూ పదికి వచ్చాను. గదిలో లైటు లేదు, తెర వెలుగుతోంది. తెర మీద ఆ ఉత్తరం. నిలబడే చదివాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అంత బాధ ఎప్పుడూ పడలేదు."

"ఉత్తరం తెలుగులోనే ఉందా?"

"ముత్యాల్లాంటి తెలుగు."

"పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లోనూ ఇలాగే చెప్పారా?"

"సంతకం కూడా పెట్టాను. ఏం, తప్పా?"

హేమశ్రీ కంప్యూటర్ మీట నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. తెర మీద కంపెనీ గుర్తు ఒకటి మెరిసి మాయమైంది. తర్వాత నలుపు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం గడిచింది. నల్లటి అద్దంలో నలుగురి ముఖాలు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇంతే సార్. మంగళవారం నుంచి ఇంతే."

"అది నువ్వు చెప్తే..."

"నేను కాదు, అది చెప్తుంది." కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. బొమ్మలూ కిటికీలూ లేని వట్టి అక్షరాల తెర. ఫెబా చెప్పిన పాస్‌వర్డుతో లోపలికెళ్ళి ఒక ఆజ్ఞ కొట్టగానే వరసలు జలజలా దిగాయి. "ఈ యంత్రం తనకేం జరిగినా నిమిషాలతో సహా డైరీ రాసుకుంటుంది. చూడండి. మంగళవారం ఉదయం ఆరూ యాభై రెండుకి బొమ్మ తెరవబోయి కూలిపోయాను అని రాసుకుంది. అదే రోజు మళ్ళీ నాలుగుసార్లు. బుధవారం ఆరుసార్లు. గురువారం మూడుసార్లు, ఆఖరిది సాయంత్రం 4:58కి. సోమవారం రాత్రి తర్వాత ఈ తెర మీద బొమ్మ ఒక్క క్షణం కూడా నిలబడలేదు."

"అక్షరాల తెర ఉందిగా. అక్కడే చదివానేమో."

"ఈ తెరకి తెలుగు రాదు సార్." ఉత్తరంలోని వాక్యాలను అక్కడికే రప్పించింది. తెర నిండా ఒకే రకం గళ్ళు, వరసలు వరసలుగా. ఒక్క అక్షరం లేదు. "ఇందులో మీరు ముత్యాలు ఎక్కడ చూశారు?"

దేవీప్రసాద్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళలోంచి మాత్రం పోయింది.

"యంత్రాలు అబద్ధాలు చెప్తాయి హేమా."

"చెప్తాయేమో సార్. కింద సంతకం మాత్రం పెట్టవు."

అతను ముందుకు వంగి కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. హేమశ్రీ అడ్డుపడలేదు.

"కావాలంటే పట్టుకెళ్ళండి. లోపలున్నది నకలు. అసలు డిస్కు నిన్న ఫెబా నా ఆఫీసుకి తెస్తే, తెరిచి చూడకుండానే ఆమె ఎదుట సీలు వేసి లాయరుకి అప్పజెప్పాను."

అతను చెయ్యి తీసేశాడు. కోటు సర్దుకున్నాడు. వెళ్ళబోతూ, గుమ్మం పక్కన గోడకి అతుక్కుని నిలబడ్డ విమలమ్మ ముందు ఆగాడు.

"పోయినవాడు ఎలాగూ రాడమ్మా. మీకు ఇంకో కొడుకున్నాడు. వాణ్ణయినా జాగ్రత్తగా చూసుకోండి."

ఓదార్పులాగే అన్నాడు. విమలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కారు కదిలేముందు అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం హేమశ్రీ కిటికీలోంచి చూసింది. టైము రాసుకుంది. 11:20.

"ఆళ్ళే చంపేశారు కదా మేడమ్?" అంది ఫెబా.

"తొందరపడకు. ముందు మీ ఆయన మొదలుపెట్టిన పని పూర్తి చేద్దాం."

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. యంత్రం లేచేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే జాబితా ఒకటి వచ్చింది. పై వరసలో కొత్త కెర్నెల్. కింది వరసలో అప్‌డేట్‌కి ముందున్న పాతది. కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్ అదే. కింది వరస ఎంచుకుని ఎంటర్ కొట్టింది.

పదిహేను సెకన్లు. నలుపు నీలంగా మారింది. తెర వచ్చింది.

జాక్సన్ ఊహ నిజమే. జబ్బు ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నాడు. ఒక్క మెట్టు మిగిలింది, ఒక్క గ్లాసు టీ అడ్డమైంది.

"వచ్చింది," అంది ఫెబా, లోపల ఎవరో వింటున్నట్టు. "వచ్చింది జాక్సన్."

తెర మీద రెండే ఫైళ్ళు. ఒకటి క్రేన్ వీడియో. రెండోది ఉత్తరం. హేమశ్రీ ఉత్తరం తెరవకుండా దాని పుట్టుపూర్వోత్తరాలు చూపే చిన్న కిటికీ తెరిచింది.

"ఫైలు మీద పోలీసులు చూసిన 5:34 రాసిన టైము కాదు. ఈ కంప్యూటర్‌లోకి వచ్చిపడిన టైము. రాసింది ఎప్పుడో లోపలుంటుంది. ఇదిగో."

గురువారం, ఉదయం 11:52. రాసిన యంత్రం పేరు: విజిలెన్స్-2.

"పదకొండూ యాభై రెండుకి జాక్సన్ ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే. అన్నం వండతన్నానని నాకు మెసేజ్ పెట్టాడు." ఫెబా ఫోన్ తీసింది. 11:49. అన్నం గిన్నె ఫొటో. ఆమె ఆ ఫొటోనూ తెరనూ మార్చి మార్చి చూసింది. "అంటే... ఆయన బియ్యం కడుగుతుంటే అక్కడ కూర్చుని ఆయన చావు ఉత్తరం రాస్తన్నారా?"

"అవును. ఉత్తరం ముందు రాశారు. తర్వాత చంపారు."

"మరి ఇందులోకి ఎలా వచ్చింది?"

హేమశ్రీ డైరీలో గురువారం సాయంత్రం దగ్గరకు వెళ్ళింది. 5:31, అక్షరాల తెర నుంచి ఎవరో తమ సొంత పేరుతో లోపలికి వచ్చారు. 5:32, పెన్‌డ్రైవ్ తగిలించారు. 5:34, యజమాని అధికారంతో ఒక ఫైలు జాక్సన్ అరలోకి కాపీ చేశారు. 5:36, బయటికి వెళ్ళారు. ప్రతి వరస మొదట్లో ఆ మనిషి పేరు ఉంది.

హేమశ్రీ ఆ పేరు పైకి చదవలేదు. ఫెబాయే చదివింది.

"ఎడ్వర్డ్."



"ఈ పెట్టె బిగించిన రోజున తమ్ముడికి కూడా ఇందులో వేరే లాగిన్ పేరు పెట్టాడు," ఫెబా నెమ్మదిగా అంది. "అన్ని తాళాలూ ఆడికి ఇచ్చీశాడు. నాకేమైనా అయితే దీన్ని ఆడు చూసుకుంటాడు అని నవ్వేవాడు."

హేమశ్రీ వెనక్కి తిరిగింది. విమలమ్మ గుమ్మంలో లేదు. వంటగదిలో నేల మీద కూలబడి ఉంది.

"ప్రార్థన అయిదున్నరకే అయిపోయిందమ్మా," హేమశ్రీ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. "మీరు అయిదూ నలభై రెండుకి సందు మొదట్లో ఉంటారు. ఏం చూశారు?"

"ఏటి సూసినానా?" విమలమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. "నా సిన్న కొడుకు బండి సూసినాను. ఎదురుగా ఒచ్చినాడు. నన్ను దాటుకుని ఎల్లిపోనాడు. తల్లినని కూడా ఆనవాలు పట్టనేదు. ఒక కాలికే సెప్పు ఉంది. లోపలికొచ్చి సూత్తే రెండో సెప్పు ఈ గుమ్మంలో ఉంది. పెరట్లో పెద్దోడు ఉన్నాడు."

"ఆ చెప్పు..."

"బియ్యం డబ్బాలో దాసీసినాను. దాసీసి, బయటికెల్లి, ఈది సివర రాయి మీద కూకున్నాను. జనం కేకలేసిందాకా ఒచ్చినాను కాదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నా పెద్దోడు అక్కడ పడున్నాడమ్మా. నాను ఈది సివర కూకున్నాను."

ఫెబా గుమ్మం పట్టుకుని నిలబడింది. "అత్తా, నాలుగు రోజులు నా పక్కనే పడుకున్నావు..."

"ఎలా సెప్పమన్నావు? ఒకడు పోనాడు. నోరిప్పితే రెండోవోడూ పోతాడు. ఆడేటి సేసినాడో నాను అడగనేదు. అడిగితే ఆడు సెప్పీస్తాడు. సెప్పీసినాక ఇంకేటి సేస్తాను?"

హేమశ్రీ తన ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి నేల మీద పెట్టింది. "ఇప్పుడు అడగండమ్మా. ఇప్పుడే అడగండి. ఆ పెద్దమనిషి వెళ్తూ అన్నమాట విన్నారుగా."

విమలమ్మ ఫోన్‌లో ఫెబాయే నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, అత్తగారి చేతిలో పెట్టింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అమ్మా?"

"ఒరే ఎడ్వర్డూ. నీ సెప్పు నా దగ్గరుందిరా."

అటువైపు లారీల హారన్లు వినిపించాయి. తర్వాత ఏడుపు. పెద్దవాళ్ళు ఏడ్చే ఏడుపు కాదది.

"నాను తొయ్యలేదమ్మా. దేవుడి మీద ఒట్టు, నాను తొయ్యలేదు."

"నేను హేమశ్రీని, ఎడ్వర్డ్. మీ వదిన తరఫున. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

"రోప్ సెక్ సేసినట్టు నా సంతకం ఉందక్కా. మేనేజర్ పెట్టీమంటే సూడకుండా పెట్టీసినాను. అన్నియ్య దగ్గర వీడియో ఉందని నానే నోరుజారీసినాను. దేవీప్రసాద్ సార్ పిలిచినాడు. అది బయటికొస్తే జైలుకెల్లేది నువ్వే, మీ అన్నతో మాట్లాడి ఒప్పిత్తాం, నువ్వొచ్చి గేటు తీయించు సాలు అన్నాడు. ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చినాడు. అందులో అన్నియ్య రాజీనామా ఉంది, కంప్యూటర్లో పెట్టీ అన్నాడు."

"ఎన్నింటికి ఇచ్చాడు?"

"రెండింటికి. ఇద్దరు మనుషుల్ని కూడా పంపినాడు. అన్నియ్య నన్ను సూసి నవ్వీసినాడక్కా. కూకోండి, టీ పెడతన్నానన్నాడు. ఆళ్ళు పైన మాట్లాడుకుందాం అని డాబా ఎక్కించినారు. నాను కంప్యూటర్ దగ్గర కూకున్నాను."

"ఆ ఫైల్లో ఏముందో చూడలేదా నువ్వు?"

"సూసినానక్కా! సదువుదామనే తెరిసినాను. తెర నేదు గదా. అన్నీ గళ్ళు గళ్ళుగా ఒచ్చినాయి." ఊపిరి అందక ఆగాడు. "తెర పనిసేస్తే సదివీవోడిని. మొదటి లైను సదివినా పైకి పరిగెట్టీవోడిని గదా. కాపీ సేసీసినాను. వంటింట్లోంచి మాడు వాసన ఒచ్చింది. స్టవ్ కట్టడానికెల్లినాను. అప్పుడు పెరట్లో సప్పుడైంది."

ఫెబా కళ్ళు మూసుకుంది. విమలమ్మ ఫోన్‌ని చెంపకి ఆనించుకుంది, అది వాడి తల అయినట్టు.

"ఎడ్వర్డ్, ఈ మాటలన్నీ రికార్డయ్యాయి," అంది హేమశ్రీ. "ఇప్పుడెక్కడున్నావు?"

"సింహాచలం మలుపులో. దేవీప్రసాద్ సార్ ఇందాకే ఫోన్ సేసినాడు. స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాలి, కారు పంపుతన్నాను, అక్కడే నిలబడమన్నాడు."

హేమశ్రీ లేచి నిలబడింది. "ఎన్నింటికి చేశాడు?"

"పదకొండున్నర ముందర."

"ఆ కారు ఎక్కకు! విను, నీ వెనక కొట్లేమైనా ఉన్నాయా? జనంలోకి వెళ్ళు. యాత్రికుల బస్సు కనిపిస్తే ఎక్కేయ్. నేను పదిహేను నిమిషాల్లో వస్తున్నాను."

"కారొచ్చీసిందక్కా."

"ఎడ్వర్డ్!"

"ఆళ్ళే. ఆరోజొచ్చిన ఇద్దరే. దిగుతన్నారు." గొంతు చిన్నదైపోయింది. "అమ్మా, వదినకి సెప్పు, నాను..."

ఫోన్‌కి ఏదో రాపిడి తగిలిన చప్పుడు. ఎవరో "రావయ్యా, రా" అన్నారు, తెలిసినవాళ్ళను పిలిచినట్టు. ఫోన్ ఆగిపోయింది.

ఫెబా మళ్ళీ నొక్కింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ నొక్కింది. హేమశ్రీ అప్పటికే నేల మీది తన ఫోన్ తీసుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ఒక చేత్తో పోలీసు కంట్రోల్ రూముకి ఫోన్ కలుపుతూ, ఇంకో చేత్తో కారు తాళం తీస్తూ, దేవీప్రసాద్ పేరూ మలుపూ టైమూ గట్టిగా చెబుతోంది.

విమలమ్మ గేటు దాకా వచ్చింది. కారు కిటికీ అంచు పట్టుకుంది. ఇప్పుడు ఏడుస్తోంది.

"శుక్రవారం నాడే సెప్పీసుంటే పోలీసోళ్ళు తీసుకెల్లీవోళ్ళు గదమ్మా. జైల్లో ఉండీవోడు. జైల్లో ఉన్నా..." మాట రాక కిటికీ అంచుని ఇంకా గట్టిగా పట్టుకుంది. "జైల్లో ఉన్నా ఎల్లి సూసుకుందును గదమ్మా."

హేమశ్రీ ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, కారు ముందుకు ఉరికించింది.